ఉష్ణమును లెక్కకట్టిన కౌంట్ రంఫర్డు

ఒక గదిని రాత్రియంతయు వెచ్చగా నుంచుటకు ఎంత వంటచెఱకు కావలెను? చూచుటకు ఇది మిక్కిలి చిన్న ప్రశ్న. చలిదేశముల ప్రజలు వందలయేండ్లుగా దీనికి అలవాటుచొప్పున సమాధానము చెప్పుకొనుచు వచ్చిరి. చలి తీరనిచో మరి రెండు కట్టెలు వేయుదురు. అప్పటికిని తీరనిచో మంటకు దగ్గరగా జరిగి కూర్చుందురు. ఆ కట్టెలలో నున్న వేడి యెంత, అందు గదికి దక్కినదెంత, తక్కినది ఏ దారిని పోయినది అని త్రాసును, గడియారమును, థర్మామీటరును చేతబట్టి విచారించిన వారిలో అగ్రగణ్యుడు బెంజమిన్ థాంప్సన్. లోకము ఆతనిని కౌంట్ రంఫర్డు అను బిరుదనామముతో నెరుగును. ఆతని జీవితమున మెచ్చదగిన విషయములు పెక్కు కలవు. మెచ్చరానివియు కొన్ని కలవు. రెండింటిని దాచక చెప్పుటయే చరిత్రకు న్యాయము.

బాల్యము, యౌవనము

రంఫర్డు 1753వ సంవత్సరము మార్చి 26వ తేదీన ఉత్తర అమెరికాలోని మసాచుసెట్స్ ప్రాంతమున, వోబర్న్ అను ఊరిలో ఒక సామాన్య వ్యవసాయ కుటుంబమున జన్మించెను. అప్పటికి ఆ ప్రాంతము ఇంగ్లండు రాజు ఏలుబడిలోని వలసరాజ్యము. బాలునకు రెండేండ్లు నిండకమునుపే తండ్రి మరణించెను. పదమూడవ యేట ఆతనిని సేలం పట్టణమున ఒక వర్తకుని యొద్ద పని నేర్చుకొనుటకు చేర్చిరి. అంగడి లెక్కలకంటె యంత్రములయందును, రసాయన ప్రయోగములయందును ఆతనికి మక్కువ హెచ్చు. ఒకమారు బాణసంచా తయారుచేయుచుండగా మందు పేలి గాయపడెను.

ఆతడు కళాశాలలో చేరి పట్టము పొందినవాడు కాడు. లోఅమ్మీ బాల్డ్విన్ అను మిత్రునితో గూడి హార్వర్డు కళాశాలకు నడిచిపోయి, అచ్చట జరుగు ప్రకృతిశాస్త్రోపన్యాసములను విని వచ్చెడివాడు. ఇంటికి వచ్చిన పిమ్మట విన్నదానిని చేసి చూచెడివాడు. తక్కిన చదువంతయు స్వయంకృషి వలన సంపాదించినదే.

బడిపంతులుగా కంకర్డ్ అను ఊరికి పోయి, 1772లో అచ్చట సారా రోల్ఫ్ అను ధనవంతురాలగు వితంతువును వివాహమాడెను. ఆ ఊరి పూర్వనామము రంఫర్డు. తరువాతి కాలమున ఆతడు తన బిరుదునకు ఎన్నుకొన్న పేరు ఇదియే. 1774లో ఆ దంపతులకు ఒక కుమార్తె కలిగెను. ఆమెకును సారా అనియే పేరు పెట్టిరి.

ఆ కాలమున అమెరికా ప్రజలు స్వాతంత్ర్యమునకై లేచుచుండిరి. థాంప్సన్ రాజపక్షము వహించెను. ఊరివారు ఆతనిని శంకించి మీదికి రాగా, భార్యను, పసిబిడ్డను విడిచి తప్పించుకొని పోయెను. 1775లో ఆతడు కంటికి కనబడని సిరాతో ఇంగ్లీషు సేనాని గేజ్‌నకు రహస్యవార్తలు వ్రాసిన సంగతి పిమ్మట బయటపడినది. 1776లో ఓడనెక్కి లండను చేరెను. భార్య 1792లో మరణించువరకు ఆమె ముఖము మరల చూడలేదు. ఆతని తెలివిని పొగడు వారెవ్వరును ఈ విషయమును విస్మరింపరాదు.

లండనులో ఆతడు ప్రభుత్వోద్యోగము సంపాదించి, ఖాళీ వేళలందు తుపాకిమందు బలమును గూర్చి ప్రయోగములు చేసెను. 1779లో రాయల్ సొసైటీ ఆతనిని సభ్యునిగా నెన్నుకొనెను. 1784లో ఇంగ్లండు రాజు మూడవ జార్జి ఆతనికి సర్ బిరుద మొసగెను. పిమ్మట ఆతడు జర్మను దేశములలో నొకటియగు బవేరియా ప్రభువు కార్ల్ థియోడోర్ కొలువున చేరి, మ్యూనిక్ నగరమున స్థిరపడెను.

మ్యూనిక్ నగరమున

బవేరియా సైన్యమును సంస్కరించు భారము ఆతనిపై బడెను. సైనికులకు తక్కువ వ్యయముతో వెచ్చని దుస్తులు కావలెను. ఏ బట్ట వెచ్చనిది? ఏల వెచ్చనిది? ఇది రంఫర్డు ఉష్ణశాస్త్ర పరిశోధనకు ముఖ్యమైన ద్వారమయ్యెను.

ఆతడొక థర్మామీటరును గాజుబుడ్డి నడుమ నమర్చి, దానిచుట్టును ఒక్కొక్కమారు ఒక్కొక్క పదార్థమును నింపి, మరుగు నీటిలో వేడిచేసి, మంచులో నుంచి, నిర్ణీతమైన మేరకు చల్లారుటకు ఎన్ని సెకండ్లు పట్టునో గణించెను. చుట్టును గాలి మాత్రమే యున్నప్పుడు 576 సెకండ్లు పట్టినది. దూది నింపగా 1,046. గొఱ్ఱెబొచ్చు నింపగా 1,118. ఈడర్ బాతు నూగుటీకలు నింపగా 1,305 సెకండ్లు పట్టినది. దూదికిగాని ఉన్నికిగాని స్వతస్సిద్ధమైన వెచ్చదనము లేదనియు, వాని పోగులనడుమ చిక్కి కదలలేకపోవు గాలియే వేడిని పోనీయక కాపాడుచున్నదనియు ఆతడు నిర్ణయించెను. కదలెడి గాలి వేడిని దొంగిలించును. కట్టుబడిన గాలి వేడిని కాపాడును. ఈ పరిశోధనలకు రాయల్ సొసైటీ 1792లో ఆతనికి కాప్లీ పతకము నొసగినది.

మన పూరిండ్ల గడ్డికప్పు వేసవిలో ఎండవేడిని లోనికి రానీయకుండుటకును, బొంత కప్పుకొన్నవానికి చలి తగులకుండుటకును ఇదియే కారణము. వేడి లోనికి వచ్చుటయైనను, వెలుపలికి పోవుటయైనను ధర్మ మొక్కటియే.

ఆ దినములలో మ్యూనిక్ వీథులు బిచ్చగాండ్రతో నిండియుండెను. 1790వ సంవత్సరము జనవరి 1వ తేదీన రంఫర్డు సైనికుల సాయముతో వారిని ఒక్కమారుగ పట్టించి, శ్రమశాలలో చేర్చి, పనియు, కూలియు, భోజనమును ఏర్పరచెను. పద్ధతి కఠినమైనది. మనుష్యుల స్వేచ్ఛను గూర్చి ఆతడు హెచ్చుగా నాలోచించినట్లు కనబడదు. కాని వారి ఆకలిని గూర్చియు, చలిని గూర్చియు ఆలోచించెను. బార్లీ, బఠానీ, ఉర్లగడ్డలతో చేసిన గంజివంటి పులుసు వారికి ఆహారము. ఇంతమందికి నిత్యము వండుటకు కావలసిన కట్టెల ఖర్చు లెక్కవేయగా, పొయ్యిలోని వేడిలో హెచ్చుభాగము పాత్రకు తగులకయే పోవుచున్నదని తేలెను. అప్పుడాతడు మంటను ఇటుకల నడుమ మూసి, ఒక్కొక్క పాత్రకు వేర్వేరు మంటగదిని కట్టించి, గాలి వచ్చు ద్వారములకు మూతలు పెట్టించెను. వంటచెఱకు ఖర్చు మిక్కిలి తగ్గెను.

నగరవాసుల విహారమునకు ఆతడు నిర్మింపజేసిన ఇంగ్లీషు ఉద్యానవనము నేటికిని మ్యూనిక్‌లో నున్నది. ఆతని సేవలకు మెచ్చి ప్రభువు ఆతనికి కౌంట్ పదవి నొసగెను. నాటినుండి థాంప్సన్ రంఫర్డు ఆయెను.

ఫిరంగి ప్రయోగము

ఆ కాలపు పండితులు ఉష్ణమును కంటికి కనబడని ఒక ద్రవ పదార్థమని తలచుచుండిరి. ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు లవోసియే దానికి కేలరిక్ అని పేరు పెట్టెను. కట్టె మండునప్పుడు అందు దాగిన కేలరిక్ వెలువడుననియు, లోహమును తొలిచినచో అందలి కేలరిక్ పిండినట్లు బయటికి వచ్చుననియు వారి యభిప్రాయము.

మ్యూనిక్ ఆయుధాగారమున ఫిరంగి గొట్టములను తొలుచుచుండగా అవి మిక్కిలి వేడెక్కుట రంఫర్డు గమనించెను. అది ఎంత వేడియో కొలువ నెంచి, ఒక కంచు దిమ్మెను నీటితొట్టిలో నుంచి, మొద్దుబారిన బరమాను దానికి గట్టిగా అదిమి, గుఱ్ఱముచే దిమ్మెను త్రిప్పించెను. తొట్టిలోని నీరు 18.77 పౌనులు. ప్రారంభమున నీటి వేడిమి 60 ఫారన్‌హీటు డిగ్రీలు. ఒక గంటకు 107, రెండు గంటలకు 178 డిగ్రీలు అయ్యెను. రెండున్నర గంటలకు నీరు తెర్లెను. నిప్పు లేక నీరు తెర్లుట చూచి అక్కడివారందరును ఆశ్చర్యపడిరి.

రంఫర్డు అంతటితో తృప్తిపడలేదు. నీటికి పట్టిన వేడిని, కంచునకు పట్టిన వేడిని కూడి, ఆ మొత్తము 26.58 పౌనుల మంచువంటి చల్లని నీటిని తెర్లించుటకు సరిపోవునని లెక్కకట్టెను. ముప్పాతిక అంగుళము లావుగల తొమ్మిది మైనపు వత్తులు ఒక్కసారి మండినంత వేడి ఆ ఒరపిడి వలన పుట్టుచున్నదనియు చెప్పెను. గుఱ్ఱము త్రిప్పుచున్నంతకాలము వేడి పుట్టుచునే యుండెను. అంతులేక పుట్టునది పదార్థము కాజాలదు. కావున ఉష్ణము ఒక విధమగు చలనమే యని ఆతడు నిశ్చయించెను. ఈ వ్యాసమును 1798 జనవరిలో రాయల్ సొసైటీ సభయందు చదివిరి.

ఇందొక వివేకము గమనింపదగినది. ఈ విధముగ వేడి పుట్టించుట లాభసాటి కాదనియు, గుఱ్ఱము తిను మేతను పొయ్యిలో వేసి కాల్చినచో అంతకంటె హెచ్చు వేడి దొరకుననియు ఆతడే వ్రాసెను. కొత్త సిద్ధాంతము కనుగొన్న ఉత్సాహములోను ఆతడు వంటచెఱకు లెక్కను మరువలేదు.

అర్ధశతాబ్దము గడచిన పిదప, 1850లో, జేమ్స్ జౌల్ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీటు డిగ్రీ వేడిచేయుటకు 772 అడుగు-పౌనుల పని కావలెనని నిరూపించెను. రంఫర్డు గుఱ్ఱము చేసిన పనిని లెక్కించి చూడగా 1,034 వచ్చునని జౌలే తెలిపెను. తొట్టినుండి గాలిలోనికి పోయిన వేడిని రంఫర్డు లెక్కలో చేర్చలేదు. గుఱ్ఱము పూర్తి బలముతో లాగవలసిన అవసరమును కలుగలేదు. అయినను ఆతని లెక్క సత్యమునకు అంత దూరమున లేదు.

లండను గోడపొయ్యిలు

1795లో రంఫర్డు కొంతకాలము లండనునకు తిరిగి వచ్చెను. అచ్చట ప్రతి యింటను గోడలో గూడువలె కట్టిన పొయ్యి, దానిపై పొగగొట్టము ఉండెను. ఆ పొయ్యిలు లోతుగాను, పొగగొట్టపు కంఠములు వెడల్పుగాను ఉండెను. అందుచేత గదిలోని వెచ్చని గాలి పొగతో గూడి పైకి ఎగిరిపోవుచుండెను. ఆ స్థానమున తలుపుసందులనుండియు, కిటికీ సందులనుండియు చల్లనిగాలి లోనికి వచ్చుచుండెను. మంటవైపు ముఖము కాలుచుండగా వీపు చలికి వణకుచుండెను.

రంఫర్డు ఆ పొయ్యిలను లోతు తగ్గించి ముందునకు తెచ్చెను. వెనుకగోడ వెడల్పును పొయ్యినోటి వెడల్పులో మూడవవంతు చేసెను. మంటకాంతి గదివైపు మరలునట్లు ప్రక్కగోడలను ఏటవాలుగా త్రిప్పెను. పొగగొట్టపు కంఠమును నాలుగు అంగుళములకు కుదించెను. కొద్ది నెలలలో లండనులో సుమారు నూటయేబది పొయ్యిలు ఈ విధముగ మార్చబడెను. పొగ తగ్గెను, బొగ్గు ఖర్చు సగమునకు పైగా తగ్గునని ఆతడు వ్రాసెను. ఆ పొయ్యి పేరు ఎంత వ్యాపించెననగా, 1818 అంకెతో వెలువడిన జేన్ ఆస్టెన్ నవల నార్తాంగర్ ఆబీలో కూడ అది కనబడుచున్నది.

ఒక గది లెక్క

ఈ మార్పు ఎంత విలువైనదో నేటి కొలతలతో పాఠకులు స్వయముగ గణించి చూడవచ్చును. అయిదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తుగల ఒక గదిని తలచుకొందము. వెలుపలికంటె లోపల 20 డిగ్రీలు హెచ్చుగా నుండవలెను. గదిలోని గాలి 60 ఘనమీటర్లు. దాని బరువు సుమారు 72 కిలోలు. ఒక కిలో గాలిని ఒక డిగ్రీ వేడిచేయుటకు దాదాపు ఒక కిలోజౌలు కావలెను. కావున మొత్తము గాలికి కావలసినది 1,440 కిలోజౌళ్లు. మన విద్యుత్తు మీటరు భాషలో ఇది 0.4 యూనిట్ మాత్రమే. వేయి వాట్ల హీటరు 24 నిమిషములు మండిన చాలును.

అట్లయిన గదిని వెచ్చగా నుంచుట ఇంత చౌకయా? కాదు. గాలిని ఒకమారు వేడిచేయుట చౌక. ఆ వేడిని నిలుపుటయే ఖర్చు. గది గోడలలో ఒక్కటి మాత్రమే వెలుపలికి ఉన్నదనుకొందము. అందు 12 చదరపు మీటర్లు తొమ్మిదంగుళముల ఇటుకగోడ, 3 చదరపు మీటర్లు ఒంటి అద్దపు కిటికీ. ఇటుకగోడ చదరపు మీటరునకు, డిగ్రీకి సుమారు 2 వాట్ల చొప్పున వేడిని పోనిచ్చును. ఒంటి అద్దము సుమారు 5.5 వాట్లు పోనిచ్చును. ఆ ప్రకారము గోడ వలన 480 వాట్లు, కిటికీ వలన 330 వాట్లు నిరంతరము పోవుచుండును. సందుల వలన గంటకొకమారు గదిగాలి మారినచో గంటకు 0.4 యూనిట్, అనగా 400 వాట్లు. మొత్తము 1,210 వాట్లు. పది గంటలకు సుమారు 12 యూనిట్లు. మొదట గాలిని వేడిచేయుటకు పట్టినదానికి ఇది ముప్పది రెట్లు. గోడలు, సామాను తాము వేడెక్కుటకు పట్టునది వేరు.

ఇప్పుడా గదిలో వెడల్పు కంఠముగల పొగగొట్టము గంటకు అయిదుమార్లు గాలిని లాగివేయుచున్నదనుకొందము. గాలి నష్టము 400 వాట్లకు బదులు 2,000 వాట్లగును. పది గంటల ఖర్చు 28 యూనిట్లగును. ఒక కిలో మంచి బొగ్గులో సుమారు 8 యూనిట్ల వేడి యున్నను, బాహాటమగు పొయ్యి అందు అయిదవవంతు మాత్రమే గదికి ఇచ్చునని తలచినచో, మొదటి లెక్కకు ఏడున్నర కిలోలు, రెండవ లెక్కకు పదిహేడున్నర కిలోల బొగ్గు కావలెను. పది కిలోల బొగ్గు పొగగొట్టపు కంఠము వెడల్పునకు మూల్యము! రంఫర్డునకు వాట్లును, జౌళ్లును తెలియవు; కాని ఎక్కడ నష్టము కలదో తెలియును. తన లండను గృహమున జంటకిటికీలను అమర్చి వాని నడుమ గాలిని బంధించినదియు ఆ జ్ఞానము చేతనే. జంట అద్దముల వలన కిటికీ నష్టము ఇంచుమించు సగమగును.

రాయల్ ఇన్‌స్టిట్యూషన్, కడపటి దినములు

శాస్త్రజ్ఞానము పండితుల పెట్టెలలో నుండిపోక జనుల వంటిండ్లకును, పనిశాలలకును చేరవలెనని తలచి, 1799లో రంఫర్డు లండనులో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అను సంస్థను స్థాపించుటకు ముఖ్యకారకుడయ్యెను. ఉపన్యాసశాల, ప్రయోగశాల, గ్రంథాలయము అందేర్పడెను. 1801లో హంఫ్రీ డేవీ అను యువకుని అచ్చటికి రప్పించెను. ఆ డేవీ పిమ్మట మైకేల్ ఫారడేను చేరదీసెను. నేటి విద్యుత్తు యుగమునకు పునాదులు పడినది ఆ భవనముననే.

1796లో రాయల్ సొసైటీకి వేయి పౌనులు దానమిచ్చి, ఉష్ణమును, కాంతిని గూర్చి పరిశోధించువారికి పతకమేర్పాటు చేసెను. ఆ పతకము మొట్టమొదట ఆతనికే లభించెను! ఆతని యహంకారమును ఎరిగినవారు దీనికి నవ్వుకొనియుందురు. ఆ యహంకారమే ఆతనికి మిత్రులను దూరము చేసినది. రాయల్ ఇన్‌స్టిట్యూషన్ నిర్వాహకులతో సరిపడక 1802లో ఆతడు లండను విడిచి, పిమ్మట పారిసు నగరమున స్థిరపడెను.

1805లో లవోసియే భార్య మేరీ యాన్‌ను ఆతడు పెండ్లాడెను. లవోసియే 1794లో ఫ్రెంచి విప్లవకాలమున శిరచ్ఛేదమునకు గురియైనవాడు. కేలరిక్ వాదమును ప్రతిష్ఠించినవాని వితంతువును, ఆ వాదమును ఖండించినవాడు వివాహమాడుట విధివిచిత్రము. ఆమెకు విందులు, అతిథులు ప్రీతి. ఆతనికి ప్రయోగములు, ఏకాంతము ప్రీతి. ఒకమారు ఆతడు అతిథులను రానీయక గేటునకు తాళము వేయించగా, ఆమె కోపముతో ఆతని పూలమొక్కలపై తెర్లిన నీరు పోసెనట. 1809లో వారు విడిపోయిరి.

పిదప పారిసు సమీపమున ఓటైల్ గ్రామమున నివసించుచు, ఆతడు వంటచెఱకులలోని వేడిని కొలుచు సాధనమును నిర్మించెను. నీటిపాత్రలో గొట్టమునమర్చి, దానిగుండ మంటవాయువులను పోనిచ్చి, నీరెంత వేడెక్కెనో చూచి, నూనె, మైనము, సారాయి, కట్టెలలోని వేడిని కొలిచెను. ప్రయోగకాలమున పాత్రనుండి గాలికి పోవు వేడిని ఎట్లు లెక్కించుట? ఆతడొక చక్కని ఉపాయము పన్నెను. గదికంటె ఎన్ని డిగ్రీలు తక్కువగా నీటితో ప్రారంభించునో, గదికంటె అన్ని డిగ్రీలు హెచ్చగునప్పటికి ఆపును. మొదటి సగమున గదినుండి వచ్చిన వేడి, రెండవ సగమున గదికి పోయిన వేడితో చెల్లుపడును. ఫిరంగి ప్రయోగమున తాను లెక్కింపని నష్టమును ఈ విధముగ జయించెను. ఈ ఉపాయమును తరువాతి శాస్త్రజ్ఞులును అవలంబించిరి.

1814 ఆగస్టు 21వ తేదీన జ్వరముచే రంఫర్డు ఓటైల్‌లో మరణించెను. ఆతని సమాధి అచ్చటనే యున్నది. హార్వర్డు కళాశాలలో ఉపయోగకరమగు శాస్త్రముల బోధనకు ఒక ఆచార్యపదవి నెలకొల్పుటకు ధనము వ్రాసియిచ్చెను. నడిచిపోయి పాఠము విన్న బాలుడు ఆ ఋణమును ఈ విధముగ తీర్చుకొనెను.

ఆతని గుణదోషములు

రంఫర్డు చెప్పినదంతయు సత్యము కాదు. గాలికిని నీటికిని వేడిని తమగుండ పోనిచ్చు శక్తి బొత్తిగా లేదని ఆతడు నమ్మెను. అది పొరపాటు, వానికి ఆ శక్తి స్వల్పముగ కలదు. మనుష్యుల యెడల ఆతని ప్రవర్తనమున దోషములు అంతకంటె హెచ్చు. వేల యిండ్లకు వెచ్చదనమిచ్చినవాని యింట ఆప్యాయత నిలువలేదు.

అయినను ఆతడు నేర్పిన పాఠము చిరస్థాయియైనది. చలి తీరనప్పుడు మరి రెండు కట్టెలు వేయుట సులభము. వేసిన కట్టెల వేడి ఎటు పోవుచున్నదో విచారించుట కష్టము. కాని లాభము అందే యున్నది. ఖర్చు ఎంతయని అడుగుటకు ముందు నష్టమెక్కడయని అడుగవలెను. ఈ సూత్రము చలిదేశపు గదికే కాదు, మన వంటింటి పొయ్యికిని, వేసవి ఎండకు కాలు మిద్దెకప్పునకును వర్తించును. కళాశాలలో చేరకయే విని, చదివి, చేసి చూచి ఇంతటి విషయమును గ్రహించిన యీ మనుష్యుని చరిత్ర గ్రంథాలయమునకు వచ్చు ప్రతి బాలునకును తెలియదగినది.